పదికి పది రావలసిన కార్డు

మా ఇంట్లోకి బేస్‌బాల్‌ని మొదట తెచ్చింది మా అమ్మాయి. మేముండే ఈ పరాయి దేశంలో, స్కూళ్ళలో చదువుతో పాటు ఏదో ఒక ఆటో పాటో నేర్చుకోవాలి కాబట్టి సాఫ్ట్‌బాల్ ఎంచుకుంది. బేస్‌బాల్‌కి చెల్లెలి వరస ఆట అది. శనివారాలు దాన్ని మా పేట టాంపినీస్‌లో గ్రౌండుకి తీసుకెళ్ళి, ఆట అయ్యేదాకా కూర్చుని, మళ్ళీ ఇంటికి తీసుకొచ్చే పని మా ఆయనది. క్రికెట్ తప్ప మరో ఆట ఆటే కాదనుకునే మనిషి, అక్కడ కూర్చుని కూర్చుని ఆ ఆట మాయలో పడిపోయారు. అమ్మాయి పాలిటెక్నిక్‌లో చేరగానే బ్యాటుని అటకెక్కించేసింది. ఈయన మాత్రం దిగలేదు. అమెరికాలో రాత్రి ఆడే మ్యాచ్ మనకి పొద్దున టిఫిన్ల వేళకి వస్తుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దాన్ని ట్రైన్లో, ఫోన్లో చూసేవారు. ఉద్యోగం పోయాక సోఫాలో కూర్చుని చూడడం మొదలుపెట్టారు.

ఉద్యోగం పోయిందంటే ఆయన తప్పేమీ లేదు. బ్యాంకులో ఆయన టీమునంతా ఎత్తేసి, ఆ పనిని వేరే దేశానికి పంపేశారు. మర్యాదగానే సాగనంపారు, కేకు కూడా కోయించారు. నా ఉద్యోగం ఉంది, అమ్మాయి చదువుకని విడిగా దాచింది ఉంది, కాబట్టి ఇల్లెలా గడుస్తుందన్న భయం మాకు లేదు. ఆయన మొహం చూడడమే కష్టంగా ఉండేది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచి ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టేవారు. చాలావాటికి జవాబే వచ్చేది కాదు. వచ్చినవి కూడా మనిషి రాసినట్టుండేవి కాదు.

మా అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. నాన్న పోయాక కొన్నాళ్ళు తమ్ముడింట్లో, కొన్నాళ్ళు నా ఇంట్లో ఉంటుంది. మాది తెనాలి వైపు, దుగ్గిరాల పసుపు పండే నేల. ఇక్కడి దుకాణాల్లో దొరికేది రంగే తప్ప పసుపు కాదని ఆవిడ గట్టి నమ్మకం. కొమ్ములు కొట్టించిన పసుపు డబ్బా లేకుండా విమానం ఎక్కదు. అల్లుడంటే ఆవిడకి వల్లమాలిన గౌరవం. మా పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆయన ఎదుట కుర్చీలో కూర్చోదు. ఏదైనా చెప్పాలంటే వంటింటి గుమ్మంలో సగం లోపల, సగం బయట నిలబడి చెబుతుంది. మూడు గదుల ఫ్లాట్‌లో ఈ మర్యాద ఎలా సాగిందో నాకే తెలియదు కానీ, సాగించింది.

ఆ రోజుల్లోనే ఆ కార్డు మా ఇంటికొచ్చింది. హౌగాంగ్‌ పేటలో ఒక పెద్దావిడ ఇల్లు మారుతూ పాత సామాను అమ్మేస్తున్నానని యాప్‌లో పెట్టింది. అందులో ఒక డబ్బా నిండా ఆటగాళ్ళ బొమ్మలు అచ్చేసిన బేస్‌బాల్ కార్డులు. వాళ్ళబ్బాయి అమెరికాలో చదువుకున్నప్పుడు పోగుచేసి, వదిలేసినవట. మా ఆయన వెళ్ళి డబ్బా మోసుకొచ్చారు. డబ్బాలో చాలా మటుకు మూలలు మడతలు పడ్డవీ, వంకరపోయినవీ. అడుగున ఒకటి మాత్రం కొత్తగా ఉంది. చుట్టూ పసుపుపచ్చ అంచు, మధ్యలో బంతి విసరబోతూ చెయ్యెత్తిన ఒక ఎడమచేతి ఆటగాడు. పెద్ద పేరున్నవాడేమీ కాదు. మా ఆయన దాన్ని భూతద్దం కింద పెట్టి అరగంట చూశారు. తలెత్తినప్పుడు ఆయన మొహంలో చాలా రోజులకి కొంచెం వెలుగు కనిపించింది.

"ఇన్నేళ్ళలో దీని మీద ఒక్కరి చెయ్యీ పడలేదు" అన్నారు.

ఈ కార్డులకి మార్కులు వేసే కంపెనీలు అమెరికాలో ఉన్నాయని అప్పుడే నాకు తెలిసింది. కార్డుని అక్కడికి పంపితే, మూలలు నలిగాయా, అంచులు లేచాయా, బొమ్మ సరిగ్గా మధ్యలో అచ్చయిందా, పైన గీతలున్నాయా అని చూసి, పదికి ఇన్ని అని ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేసి పంపుతారు. ఆ తర్వాత ఆ కార్డు విలువంతా ఆ అంకెదే. మార్కుల పిచ్చిలో మన తెలుగువాళ్ళని మించినవాళ్ళు లేరనుకునేదాన్ని. అట్టముక్కకి మార్కులు వేయించుకునేవాళ్ళు కూడా ఉన్నారని తెలిశాక కొంచెం మనసు కుదుటపడింది.

దీనికి పదికి పది రావాల్సిందే అన్నారు మా ఆయన. వస్తే అమ్ముదామని కాదు. అమ్మితే ఏ మూలకీ రాదని ఆయనకీ తెలుసు. ఆయనకి నిజంగా ఏం కావాలో నేను ఆయన చూసే చూపులో పట్టుకున్నాను. అన్నేళ్ళు ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెట్టడం ఆయన పని. ఆ కన్ను ఇంకా పనిచేస్తోందని, తను సరిగ్గా చూశానని, ఎక్కడో ఎవరో ఒకరు ముద్ర వేసి చెప్పాలి. ఆయనకి కావలసింది అంతే. అది తెలిశాక నేను వేళాకోళం మానేశాను. అమ్మాయి మాత్రం "జస్ట్ ఎ కార్డ్ లా, డాడీ" అంది, ఇక్కడి పిల్లల యాసలో. నేను కళ్ళతోనే దాని నోరు మూయించాను.

ఊళ్ళో ఒక పాత షాపింగ్ సెంటర్లో కార్డుల దుకాణం ఉంది. అందరి కార్డులూ పోగుచేసి ఒక్కసారి అమెరికాకి పంపేది ఆ దుకాణమే. అక్కడికి తీసుకెళ్ళే ముందు రోజు అమ్మ వంటింటి గుమ్మంలోంచి, దేవుడి దగ్గర పెట్టి పంపితే బాగుంటుందేమో అని నాతో అంది, ఆయనకి వినబడేలా. మా ఆయన పూజలకి దూరం కానీ, అత్తగారి మాట తీసేయరు. సరే అన్నారు. కానీ షరతులు పెట్టారు. దాని మీద పువ్వు పెట్టకూడదు, నీళ్ళు చల్లకూడదు, కుంకుమ పెట్టకూడదు, దీపం దగ్గరికి జరపకూడదు. అమ్మ అన్నిటికీ తలూపింది. పల్చటి ప్లాస్టిక్ తొడుగులో ఉన్న కార్డు మా వంటింటి అలమరలోని దేవుడి అరలో ఒక పూట ఉంది. మర్నాడు ఆయన దాన్ని అలాగే తీసి సంచిలో పెట్టుకుని, పెళ్ళికూతురుని అప్పగింతలకి తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా ట్రైన్ ఎక్కారు.

ఆ తర్వాత నెలల తరబడి ఎదురుచూపే. ఉద్యోగాల నుంచీ కబురు లేదు, కార్డు నుంచీ కబురు లేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున కార్డు సంగతే ముందు తేలింది. కంపెనీవాళ్ళ సైట్‌లో ఫలితం పెట్టారు. ఆయన లాప్‌టాప్ నా వైపు తిప్పారు. అంకె ఉండాల్సిన చోట అంకె లేదు. కార్డుకి మార్కులు వేయడం లేదనీ, దానికి రంగు వేసిన గుర్తులున్నాయనీ ఒక ముక్క రాశారు.

నాకర్థం కాలేదు. ఆయనే విడమర్చి చెప్పారు. ఇలాంటి పసుపుపచ్చ అంచు కార్డులకి మూలలు నలిగితే లోపలి తెల్ల అట్ట బయటపడుతుంది. మోసగాళ్ళు ఆ తెల్లదనం కనబడకుండా అక్కడ పచ్చ రంగు అద్ది, కొత్త కార్డని అమ్ముతారట. అంటే తొమ్మిదో ఎనిమిదో వచ్చిందని కాదు. ఈయన దొంగ అని. తక్కువ మార్కులొస్తే బాధపడి ఊరుకునేవారేమో. ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. ఆఫీసులో ఒక్క పైసా టాక్సీ బిల్లు ఎక్కువ రాయని మనిషిని పట్టుకుని, మొహం కూడా చూడనివాళ్ళు ఆ మాటనేసరికి నాకే ఒళ్ళు మండింది.

ఆయన కంపెనీకి ఉత్తరం రాశారు. మర్యాదగా. రెండోది కొంచెం ఘాటుగా. మూడోదాంట్లో వాళ్ళ కళ్ళు పరీక్ష చేయించుకోమని కూడా రాశారనుకుంటాను. ప్రతిదానికీ ఒకటే జవాబు: మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మా నిపుణుల నిర్ణయమే తుది నిర్ణయం. ఉద్యోగాల వాళ్ళు పంపే జవాబులకీ దీనికీ తేడా లేదు. రోజంతా ఆయన దాని గురించే మాట్లాడేవారు. ఒక నిమిషం చూస్తారు, అంతే, ఆ నిమిషంలో మనిషి ఎలాంటివాడో తేల్చేస్తారు అనేవారు. ఒక రోజు నేను విసిగిపోయి, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎందుకు, వదిలేయండి అన్నాను. ఆ సామెత అప్పుడు వాడకూడదని నోట్లోంచి వచ్చాక తెలిసింది. ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అమ్మకి మేం ఏమీ చెప్పలేదు. ఫలితం వచ్చిందా అని నన్నడిగితే ఇంకా రాలేదమ్మా అన్నాను. రంగు, మోసం, మూలలు ఇవన్నీ ఆవిడకి విప్పి చెప్పే ఓపిక నాకు లేదు.

తర్వాత కార్డు దుకాణానికి తిరిగొచ్చిందని కబురొచ్చింది. ఆయన ఒక్కరే వెళ్తే ఆ దుకాణం మనిషితో గొడవపడతారేమోనని నేనూ బయల్దేరాను. దుకాణదారు యాభై దాటిన చైనీస్ ఆయన. నేలమాళిగలో, టైలరు కొట్టుకీ ఫోన్లు బాగుచేసే కొట్టుకీ మధ్య ఉంటుంది ఆయన దుకాణం. మా ఆయన పోట్లాటకి సిద్ధంగా వెళ్ళారు కానీ, ఆ మనిషి ముందే రెండు స్టూళ్ళు లాగి కూర్చోమన్నాడు. మా ఆయన తనకి జరిగిన అన్యాయమంతా చెప్పారు. దుకాణదారు మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. విని, "కోపం తెచ్చుకోవద్దు బాస్, ఒకటి చూపిస్తా" అని తన ఇంగ్లీషులో మెల్లిగా చెప్పి, సొరుగులోంచి చిన్న టార్చి తీశాడు. ఊదారంగు లైటు వచ్చే టార్చి అది. మామూలు వెలుగులో కంటికి ఆననివి దాని కింద బయటపడతాయట.

కొట్లో దీపం ఆర్పి, కార్డు మీద ఆ లైటు వేశాడు. కార్డంతా నల్లగా అయిపోయింది. నాలుగు మూలలు మాత్రం లేత పచ్చగా మెరిశాయి. మోసగాడైతే నలిగిన మూలకే రంగు వేస్తాడు. ఇక్కడ నాలుగింటికీ ఉంది, ఒక్కలాగే, ఒకే కొలతలో, వేలి కొసంత.

నాకు క్షణంలో అర్థమైంది. మన ఇళ్ళలో పుట్టి పెరిగిన ఎవరికైనా అర్థమవుతుంది. మా పెళ్ళి శుభలేఖల కట్టలు ముందు వేసుకుని చాప మీద కూర్చున్న అమ్మ కనిపించింది. ఒక్కొక్కటే తీసి, ఉంగరం వేలితో నాలుగు మూలలకీ పసుపు అద్ది పక్కన పెట్టడం. ఆ పసుపు లేని శుభలేఖ మాకు శుభలేఖే కాదు, ఎవరింటికీ వెళ్ళదు. పువ్వు వద్దన్నారు, నీళ్ళు వద్దన్నారు, కుంకుమ వద్దన్నారు. పసుపు సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయనకీ తెలిసిపోయింది. కార్డునే చూస్తూ కూర్చున్నారు. దుకాణదారు, ఎవరైనా పెన్నుతో దిద్దారా అని మొహమాటంగా అడిగాడు. అది వంటల్లో వేసే పసుపనీ, మా అమ్మ పెట్టిందనీ, మంచి జరగాలని పెడతామనీ నేనే చెప్పాను. ఆ మనిషి టార్చి ఆర్పి, లైటు వేశాడు. వాళ్ళమ్మ కూడా ఇంటికి కొత్త వస్తువు ఏదొచ్చినా ఎర్ర కాగితం అతికించేదట, ఆవిడ పోయాక ఫ్రిజ్ వెనక ఇంకా ఒకటి అంటుకునే ఉందట. తుడిచి మళ్ళీ పంపొచ్చా అని నేనడిగాను. తుడిస్తే తుడిచారని రాస్తారు అన్నాడు. ఇక దీనికి ఎప్పటికీ మార్కులు రావు. మేం లేస్తుంటే ఆ మనిషి డబ్బులేమీ అడగకుండా కార్డుకి ఒక కొత్త తొడుగు వేసిచ్చాడు.

ట్రైన్లో టాంపినీస్ దాకా ఆయన కార్డుని ఒళ్ళో పట్టుకుని కూర్చున్నారు. కోపం వస్తుందని చూశాను, రాలేదు. వచ్చి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. కిటికీ వైపు తిరిగి ఒక్క మాట అన్నారు.

"వాళ్ళు సరిగ్గానే చూశారు. నేనే చూడలేదు."

దేవుడి దగ్గర నుంచి తీశాక ఆయన మళ్ళీ భూతద్దం పెట్టి చూడలేదు. పచ్చ మీద పచ్చ, మామూలు కంటికి కనబడదు. అంతకాలం తనకి అన్యాయం జరిగిందన్న కోపమైనా ఆయనకి తోడుండేది. ఇప్పుడు అదీ లేదు. పక్కన కూర్చున్న నాకు ఆ మనిషిని చూస్తే ఏడుపొచ్చింది. మా అమ్మ మీద చెప్పలేనంత కోపమూ వచ్చింది. స్టేషన్ నుంచి ఇంటికి నడుస్తూ, ఆవిడని ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి అమ్మ అన్నం వార్చి, మా కోసం చూస్తోంది. ఆయన చేతిలో కార్డు చూసి మొహం విప్పారింది. యథాప్రకారం గుమ్మంలో నిలబడి, "వచ్చిందా బాబూ?" అంది.

నేను నోరు తెరిచేలోపు ఆయన అడిగారు. అరవలేదు, నిలదీయలేదు. కార్డు బల్ల మీద పెట్టి, "దీనికి పసుపు పెట్టారా అత్తయ్యగారూ?" అన్నారు.

"పెట్టా బాబూ" అంది అమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు. "తొడుగులోంచి తీసి, నాలుగు మూలలా పెట్టా. తడి తగలకుండా పొడి పసుపే, అట్టా అద్ది తీశా. మీరు పూలొద్దన్నారు, కుంకమొద్దన్నారు, అయ్యేం పెట్టలా."

ఎందుకు పెట్టావమ్మా అని నేను గట్టిగానే అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. ఆయనకే చెప్పింది.

"మీరు రోజూ ఉజ్జోగాలకి పెడతానే ఉన్నారు గదా. అయ్యన్నీ ఆ పెట్టెలోంచే పోతన్నయ్. కాయితం ఉంటేగా నేను పసుపు పెట్టేది? దేనికి పెట్టను? మనింట్లోంచి చేత్తో పట్టుకుని పంపింది ఇదొక్కటే." ఆయన మొహంలో ఏం కనబడిందో, గొంతు తగ్గించి అడిగింది. "పెట్టకూడదా బాబూ?"

నేను దారంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆ నెలలన్నీ ఆయన బల్ల దగ్గర కూర్చుని మీటలు నొక్కుతుంటే, ఆవిడ గుమ్మంలోంచి చూస్తూనే ఉందన్నమాట. ఒక్కటైనా కాగితం బయటికొస్తుందేమో, తను చెయ్యగలిగింది చేద్దామని చూస్తూనే ఉందన్నమాట. నాకది తట్టనే లేదు.

"పెట్టొచ్చు" అన్నారు ఆయన. "మీరు పెట్టారని ముందే తెలిస్తే దాన్నసలు ఎక్కడికీ పంపేవాణ్ణి కాదు అత్తయ్యగారూ."

అని, కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఉద్యోగం పోయిందని చెప్పిన రోజు కూడా ఆయన ఏడవలేదు. నేను దగ్గరికి వెళ్ళేలోపు అమ్మ గుమ్మం దాటి వచ్చింది. బల్ల చుట్టూ తిరిగి ఆయన పక్కకి వచ్చి నిలబడింది. చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని, ఆ చెయ్యి అల్లుడి తల మీద పెట్టింది.

"వచ్చుద్ది బాబూ" అంది.